కళ్ళు మూసుకుని మొక్కిన రాళ్ళు

నాకు ఆ అమ్మాయి మీద ఇప్పటికీ కుళ్ళే. వయసు మీద పడితే ఇలాంటివి వాటంతటవే తగ్గిపోతాయని పెద్దలు అంటారు. ఆ పెద్దల్ని ఎవరూ దాటిపోయి ఉండరు, అందుకే అంత నిబ్బరంగా చెప్పగలిగారు.

తొంభైల చివర్లో మేమిద్దరం ఒకే ప్రొఫెసరు దగ్గర పురావస్తు శాస్త్రంలో పరిశోధన చేసేవాళ్ళం. నేను సీనియర్ని, ఆమె నా తర్వాత చేరింది. మాది కృష్ణా జిల్లా. నాన్నకి సచివాలయంలో ఉద్యోగం కావడంతో నగరానికి వచ్చి, నిజాంపేట దాటాక ప్రగతి నగర్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. ఆమె నల్లగొండ వైపు పిల్ల. నన్ను నోరారా ‘అక్కా’ అని పిలిచేది. ఆ పిలుపులో ఏ కల్మషమూ లేదు. ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

నా పరిశోధన మాదాపూర్ నుంచి తెల్లాపూర్ దాకా ఉన్న బండల నేల మీద. రాతిని నూరి గొడ్డళ్ళు చేసుకుని, పశువుల్ని మేపుకుని, కుమ్మరి సారె లేకుండా చేత్తోనే కుండలు చేసుకున్న మనుషులు వేల ఏళ్ళ కిందట ఈ నేల మీద కాపురం ఉన్నారా, లేదా? అదీ ప్రశ్న. నా పద్ధతి ముక్కుసూటి. మ్యాపు మీద గళ్ళు గీసుకున్నాను. పొద్దున్నే బస్సు దిగి, ఒక గడిని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, మళ్ళీ వెనక్కి నడిచి, సాయంత్రానికి ఏమీ దొరక్కపోతే ఆ గడిలో ఇంటూ మార్కు పెట్టేదాన్ని. దారిలో ఎవరైనా పలకరించినా ఆగేదాన్ని కాదు. మా చుట్టాలావిడ ఒకామె కనిపించినప్పుడల్లా, “ఇంకా రాళ్ళే ఏరుతున్నావుటే? హాయిగా ఆ కంప్యూటర్ కోర్సేదో చేయకూడదూ?” అనేది. అప్పుడు మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం లేస్తోంది. దాని చుట్టుపక్కల రోజూ బండలు పేల్చేవాళ్ళు. ఎర్రజెండా ఊపి, సైరన్ మోగించి, అందరినీ దూరం తరిమి, గుట్టను తునకలు చేసేవాళ్ళు. నేను ఆ దుమ్ములోనే నడిచాను, మూడేళ్ళు.

ఒక్క చోట మాత్రం ఆగేదాన్ని. మాదాపూర్ దాటి పడమటికి వెళితే బండల మధ్య ఒక చిన్న పల్లె ఉండేది. ఊరి మొదట్లో నడుమెత్తు కూడా లేని పోచమ్మ గుడి. లోపల విగ్రహం లేదు. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టిన రాళ్ళు వరసగా నిలబెట్టి ఉండేవి. నేను చెప్పులు దూరంగా విడిచి, చేతులు జోడించి, గట్టిగా కళ్ళు మూసుకుని, “తల్లీ, ఇవాళైనా ఒక్క రాతి గొడ్డలి చూపించు” అని మొక్కేదాన్ని. మా ఇంట్లో మొక్కడం అలాగే నేర్పారు. దేవుడి ముందు కళ్ళు తెరుచుకుని దిక్కులు చూస్తే చిన్నప్పుడు అమ్మ నెత్తి మీద మొట్టేది.

గొడ్డలి దొరకలేదు. కుండపెంకు కూడా దొరకలేదు. చివరికి మా సార్, “లేదని రుజువు చేసినా పరిశోధనేనమ్మా” అని ధైర్యం చెప్పారు. ‘ఈ ప్రాంతంలో ఆ కాలపు మనుషులు స్థిరపడలేదు’ అన్న వాక్యం మీద నా థీసిస్ మొత్తం నిలబెట్టాను. టైపింగు కూడా అయిపోయింది. బైండింగుకు ఇవ్వడమే తరువాయి.

ఇక ఆమె సంగతి. ఆమె పనితీరుకు పద్ధతి అని పేరు పెట్టడమే అన్యాయం. అప్పటికే రెండుసార్లు టాపిక్ మార్చింది. లైబ్రరీకని బయల్దేరి, మధ్యలో ఎవరితోనో మాటల్లో పడి, సాయంత్రానికి మెహిదీపట్నంలో చెప్పులు కుట్టించుకుని వచ్చేది. వచ్చి ఆ చెప్పులు కుట్టినాయన కథంతా చెప్పేది. సార్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి మరీ వినేవారు. పడీపడీ నవ్వి, ఇంకో టీ తెప్పించేవారు. నేను గళ్ళ మ్యాపు ముందు పెడితే ఒక్కో పేజీ తిప్పి, “బాగుందమ్మా” అని సంతకం పెట్టేవారు. నా మూడేళ్ళలో ఆ గదిలో నాకోసం టీ వచ్చిన గుర్తు లేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు ఆమె హాస్టల్ మెస్సులో పప్పు నీళ్ళలా ఉందని తగువు పెట్టుకుంది. ఆ కోపంలో హాస్టల్ ఖాళీ చేసేసి, పోయిపోయి ఆ పల్లెలోనే, పోచమ్మ గుడికి ఎదురింట్లో ఒక గది కిరాయికి తీసుకుంది. ఆ ఇంటి పెద్దావిడ ఒక మేకను పోచమ్మకు మొక్కుకుని పెంచుతోంది. అమ్మవారికి విడిచిన మేక కాబట్టి దాన్ని ఎవరూ కొట్టకూడదు, అదిలించకూడదు. ఊరంతా దాని రాజ్యం. అది ఒకరోజు కిటికీలోంచి మూతి పెట్టి, ఈమె మూడోసారి మార్చి రాసుకున్న సినాప్సిస్‌ను శుభ్రంగా నమిలేసింది. లబోదిబోమంటూ బయటికి పరిగెత్తుకొస్తే ఆ పెద్దావిడ చల్లగా, “దాన్నేమనకు బిడ్డా. అది తిన్నదంటే పోచమ్మ తిన్నట్టే. బోనాలొస్తున్నయి, రేపు గుడి కడిగే వంతు మాది. నువ్వు గూడ వచ్చి కడుగు. తల్లినే అడుగు, గంతకంత ఇస్తది” అందట.

నేనైతే ఆ పూటే గది ఖాళీ చేసేదాన్ని. ఆమె కొంగు బిగించి గుడి కడగడానికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున స్కాలర్ల గదిలో నేను ఒక్కదాన్నే ఉండగా ఊపిరాడకుండా వచ్చి నా పక్కన కూలబడింది. గోళ్ళనిండా పసుపు. “అక్కా, జర నేను చెప్పేది ఇను. నిన్న పోచమ్మను కడిగినం. కొబ్బరి పీచు పెట్టి రుద్ది, వేపాకు నీళ్ళు పోస్తుంటె పసుపంతా పోయింది. నల్లగ, నున్నగ రాళ్ళు తేలినయి. ఒకదాని అంచు మీద బొటనవేలు పెట్టిన. నువ్వు మాకు మ్యూజియంల చూపెట్టినవు గద, గట్లనే ఉన్నది. అన్నీ గొడ్డళ్ళే అక్కా. ఒక్కటి గాదు, ఉన్నయన్నీ గొడ్డళ్ళే.”

“నువ్వు సరిగ్గా చూశావా?” అన్నాను.

“సారుకు ఇంక చెప్పలే. నువ్వే ముందు చూడాలె. ఇదంత నీ ఏరియా గద.”

సంతోషించాల్సిన విషయమని తెలుసు. తెలిసీ కడుపు మండింది.

ఇద్దరం కలిసి వెళ్ళాం. అప్పటికే రాళ్ళకు కొత్త పసుపు పూసేశారు. ఏడాది మొత్తంలో ఆ కడిగే కాసేపే అవి రాళ్ళలా కనిపిస్తాయట, మిగతా కాలమంతా అమ్మవారే. అయినా కళ్ళు తెరిచి చూస్తే పసుపు కింద కూడా ఆకారం తెలుస్తూనే ఉంది. వెనక సన్నగా, ముందు వెడల్పుగా, అంచు పలచగా. పెద్దావిడ, “పిడుగు రాళ్ళు బిడ్డా ఇవి. పిడుగు పడ్డ కాడ భూమిల దిగుతయంట. చేను దున్నంగ తేలితె మా మామ తెచ్చి తల్లి కాడ పెట్టిండు. ఇండ్లల్ల ఉంచుకోవద్దు గద” అని చెప్పింది. నాకు సగమే వినబడింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం గురించి విన్నాను గానీ, ఆ పిల్లాడి ముందే నిలబడి, కళ్ళు మూసుకుని, పిల్లాణ్ణి చూపించమని మొక్కినవాళ్ళు నేను తప్ప ఎవరూ ఉండరు. పోచమ్మ నా మొర విననూ విన్నది, అడిగినప్పుడల్లా చూపించనూ చూపించింది. నేనే చూడలేదు.

కానీ నేనూ ఊరుకునే రకం కాదు. సార్ గదిలో ఆమె కథ పూర్తికాగానే నేను అందుకున్నాను. “గుడిలో గొడ్డళ్ళున్నంత మాత్రాన వాటిని చేసినవాళ్ళు ఇక్కడ కాపురమున్నట్టు కాదండి. ఎవరో ఎక్కడినుంచో తెచ్చి పెట్టి ఉండొచ్చు. ఆ మామగారు చెప్పిన మాట తప్ప ఆధారమేముందండి?”

సార్ టీ గ్లాసు పక్కన పెట్టారు. “ఆమె అన్నదీ నిజమే” అన్నారు జూనియర్‌తో. “వస్తువు ఒక్కటే చాలదు, అది పుట్టిన నేల కావాలి. పొయ్యి బూడిద, కుండపెంకులు, తిని పారేసిన బొమికలు. అవి చూపిస్తే నువ్వు గెలిచినట్టు. చూపించలేకపోతే ఈ అమ్మాయి థీసిస్‌కు ఏ ఢోకా లేదు. ఆషాఢం వెళ్ళేలోగా బైండింగుకు పంపించేద్దాం.”

మర్నాడే పెద్దావిడ చెప్పిన గుర్తులు పట్టుకుని ఆ చేను వెతుక్కుంటూ వెళ్ళాం. చేను లేదు. పక్కనున్న గుట్ట కూడా సగం లేదు. అమ్మేసిన పొలాలన్నిటినీ కలిపి చదును చేసేశారు. పైమట్టి గీకేసి, కింద బండ తెల్లగా పళ్ళికిలించింది. జెండా పట్టుకున్న కాపలాదారు, “దూరం పోండ్రమ్మా, పేలుతది” అని కేకలేశాడు. ఆ చోటు నాకు తెలుసు. జొన్న నిలిచి ఉన్న రోజుల్లో నేను దాని గట్టు మీద నడిచాను, గడిలో ఇంటూ పెట్టాను. ఇప్పుడు ఆ ఇంటూను ఎవరూ చెరపలేరు. ఉన్నమాట చెబుతున్నాను, నాకు ఆ పూట పండగలా ఉంది.

ఆమె మొహం చిన్నబోతుందేమోనని ఓరగా చూశాను. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్క కాల్చిన మక్కకంకులు రెండు కొని, ఒకటి నాకిచ్చి, “పోనీ తియ్ అక్కా, ఇగ వేరే ఏదన్న చూస్త” అంది. ఓడిపోయినవాళ్ళు కాస్త ఏడిస్తే గెలిచినవాళ్ళకు తృప్తిగా ఉంటుంది. ఆ తృప్తి కూడా దక్కనివ్వలేదు.

ఆ వచ్చే ఆదివారం మా అమ్మ ఆమెను ఆషాఢం గోరింటాకుకు పిలిచింది. నేను పిలవలేదు. అంతకుముందు ఒకే ఒక్కసారి ఇంటికి వస్తే అమ్మ ఆమెకు దాసోహమైపోయింది. “ఆ పిల్ల మాట్లాడుతుంటే ఇల్లు కళకళలాడుతుందే” అని నాతోనే అనేది. నేను ఉన్నప్పుడు ఇల్లు ఎలా ఉండేదో అడగలేదు, అడిగితే చెప్పేస్తుంది.

అమ్మ గోరింటాకు మెత్తగా రుబ్బి, మా ఇద్దరి అరచేతుల్లో చందమామలు పెట్టి, వేళ్ళకు టోపీలు తొడిగింది. “ఎండేదాకా కదిలారంటే ఊరుకోను” అని పెరటి మెట్ల మీద కూర్చోబెట్టింది. ముందు రాత్రి గట్టివాన పడింది. మెట్ల ముందే గోంగూర మడి. అది మనిషెత్తు పెరగడం చూసి ఆమె నోరు వెళ్ళబెట్టింది. పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్న నాన్నకు ఎవరైనా ఆ మడిని మెచ్చుకుంటే చాలు. “మన స్థలమంతా రాయేనమ్మా, గునపం దిగలేదు. అందుకే పోయినేడు వేసవిలో నాలుగు లారీల మట్టి తోలించాను. చూడు, ఏం పెట్టినా విరగకాస్తోంది” అన్నాడు.

ఆమె వినడం లేదు. చూస్తే, వాన నీరు మడి అంచు కోసిన చోటికి కాలు చాపి, బొటనవేలితో చూపిస్తోంది. “అక్కా, గదేంది?”

“పెంకులే” అన్నాను. నల్లటి పెంకు. ఏ ఇంట్లోనైనా పగిలే కుండదే కావచ్చు. కానీ దాని పక్కనే, వాన కడిగిన మట్టిలో, సన్నటి రాతి చెక్కు ఒకటి మెరుస్తోంది. బ్లేడులా రెండు పక్కలా పదును. అలాంటిది పగిలిన రాయికి దానంతటది రాదు, మనిషి చెక్కితేనే వస్తుంది. మా క్లాసులో ఆమెకు ఆ తేడా నేర్పింది నేనే. ఇద్దరం ఒకేసారి గుర్తుపట్టాం.

ఆమె లేచి కుళాయి దగ్గరికి ఉరికింది. “అయ్యో, ఇంకా పండలేదమ్మా!” అని అమ్మ అరుస్తూనే ఉంది. చేతులు కడిగేసుకుని, గోంగూర మడిలో గొంతుక్కూర్చుని, వేళ్ళతో మట్టి విదిలించడం మొదలుపెట్టింది. నేను మెట్ల మీదే కూర్చున్నాను. నా రెండు చేతులకూ గోరింటాకు ఉంది. అమ్మ ఎండేదాకా కదలవద్దంది. చెప్పినది చెప్పినట్టు చేయడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఆ గుణంతోనే మూడేళ్ళు నడిచాను కదా.

ఆమె ఒక్కొక్కటే తెచ్చి నా కాళ్ళ దగ్గర మెట్టు మీద పెట్టింది. చేత్తో చేసిన కుండల పెంకులు, రాతితో మెరుగు పెట్టినవి. కాలిన బొమిక. ఇంకో రాతి చెక్కు. చివరికి గుప్పెడు మట్టి తెచ్చి, నలిపి, వాసన చూసి, నాన్నను అడిగింది. “అంకుల్, గీ మట్టి యాడికెళ్ళి తెచ్చిండ్రు?”

“మాదాపూర్ అవతల నుంచమ్మా. గుట్ట పక్క చేలు చదును చేస్తున్నారుగా, ఆ పైమట్టి లారీలకెత్తి అమ్మేస్తున్నారు. ఎర్రమట్టి కూడా ఉంది గానీ, ఇది బూడిద కలిసినట్టు గుల్లగా ఉంది, మొక్కలకు బాగుంటుందని ఇదే తోలమన్నాను” అన్నాడు నాన్న గర్వంగా.

బూడిద కలిసినట్టు కాదు, బూడిదే. వేల ఏళ్ళ కిందట ఎవరో వండుకున్న పొయ్యిల బూడిద, వాళ్ళ పశువుల పెంట. నేను లేదన్న ఊరు లారీలెక్కి మా పెరట్లోకి వచ్చి కూర్చుంది. అందులో కాసిన గోంగూరతో పచ్చడి నూరి అమ్మ డబ్బాలో పెట్టి ఇస్తే, ఏడాదిపాటు అది తింటూ ఆ ఊరు లేదని రుజువు చేశాను. వెదకబోయిన తీగ కాలికి తగిలిందని అంటారు. వెతికినవాళ్ళ కాలికి తగలాలి కదా, అదీ న్యాయం! వెతికింది నేను, తగిలింది ఆమె కాలికి.

“అక్కా, మీ ఇంట్ల దొరికింది గద. నువ్వే రాయి” అంది ఆమె, మట్టి చేతులు లంగాకు తుడుచుకుంటూ. “నాకు సినాప్సిస్ గూడ లేదాయె, మేక తినె.”

ఆమె ఆ మాట అనకపోయి ఉంటే బాగుండేది. లాక్కుపోయేవాళ్ళను తిట్టుకోవచ్చు. ఇలా ఎత్తి చేతిలో పెట్టేవాళ్ళను ఏం చేస్తాం? నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీగా లేవు. సాయంత్రం నా చేతులు కడిగి చూసి అమ్మ మురిసిపోయింది. “దీనివి చూడండి, మందారాల్లా పండాయి! ఆ పిల్లవే పాపం, లేత నారింజలో ఆగిపోయాయి” అని వీధిలో అందరికీ చూపించింది.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. నాన్న మట్టి తోలిన లారీ మనిషిని పట్టుకున్నాడు. అతను చదును చేసిన నేలలో ఒక మూలకు తీసుకెళ్ళాడు. అక్కడ కంచె పక్కన ఒక గది వెడల్పున మట్టి ఇంకా మిగిలి ఉంది. అందులో ఒక పొయ్యి, దాని చుట్టూ పెంకులు కదలకుండా ఉన్నాయి. సార్ ఆ పొయ్యి పక్కన చిన్నపిల్లాడిలా గంతులేశారు. అక్కడికే టీ తెప్పించారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు, ఆమెకు ఇచ్చాక.

నా థీసిస్‌లో ఆ ఒక్క వాక్యం నా చేత్తోనే కొట్టేశాను. ఒక్క వాక్యమే అయినా దాని మీద నిలబడ్డవన్నీ కూలాయి. మళ్ళీ కట్టుకోవడానికి ఏడాది పట్టింది. కొత్తగా ఒక అధ్యాయం రాశాను. గుడిలో గొడ్డళ్ళు, పెరట్లో మట్టి, కంచె పక్క పొయ్యి ఎవరు కనుక్కున్నారో ఆమె పేరుతో సహా రాశాను. నా పేరే పెట్టుకోమని ఆమె చెప్పిన మాట వినలేదు. దయతో ఇచ్చింది పుచ్చుకుంటే ఆ మంట ఇంకా ఎక్కువ.

ఇప్పుడు నేను పాఠం చెబుతాను. గళ్ళు గీయడం, వరసలో నడవడం, రాసుకోవడం, అన్నీ నేర్పుతాను. అవి లేకపోతే పరిశోధన నిలవదని నమ్ముతాను కూడా. కానీ పప్పు బాగాలేదని అలగడం ఎలా నేర్పను? కిటికీ దగ్గరికి మేకను ఎలా రప్పించను? పిల్లలు అడిగితే, “కళ్ళు తెరిచి ఉంచండి” అని తప్పించుకుంటాను. వాళ్ళు ఆ మాట రాసుకుంటారు.

ఆమె మాత్రం ఆ పరిశోధన పూర్తి చేయలేదు. ఎవరో స్నేహితురాలికి తోడుగా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి, తనూ చేరిపోయి, అలా అలా ఆ గుండ్రటి భవనంలోనే ఉద్యోగంలో తేలింది. డాక్టరేటు వచ్చిన కొత్తలో ఒకసారి మాదాపూర్ బస్టాపులో ఎదురైంది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టిఫిన్ డబ్బా. నన్ను గట్టిగా కావలించుకుంది. థీసిస్‌లో తన పేరు రాశానని చెబితే పకపకా నవ్వి, “నిజంగనా అక్కా? ఏం పని లేదా నీకు? ఆ గొడ్డళ్ళు ఎన్నుండెనో గూడ నాకు యాదికి లేదు” అంది. కంపెనీ బస్సు రాగానే ఎక్కేసి, కిటికీలోంచి చెయ్యి ఊపింది.

మా లైబ్రరీలో నా థీసిస్ ఉంది. ఎప్పుడైనా అటు వెళ్తే తీసి చూస్తాను. ఎవరు ఎన్నిసార్లు తెరిచినా అది తనంతట తానే ఆ అధ్యాయం దగ్గర విచ్చుకుంటుంది. ఆ పేజీల అంచులు నలిగాయి, మూలలు మడతపడ్డాయి, ఆమె పేరు కింద ఎవరెవరివో పెన్సిల్ గీతలు. నేను మూడేళ్ళు నడిచి రాసిన పేజీలు మాత్రం బైండింగు షాపు నుంచి వచ్చిన రోజు ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి.